పిడికెడు బియ్యం నిధి: 2024–25 జమా ఖర్చుల వివరణ

సంఘ విశ్వాసులకు, ఆరు కుటుంబ ప్రార్థన గుంపులవారికి, హైదరాబాదులోనూ గల్ఫులోనూ పనిచేస్తున్న మన బిడ్డలకు ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు.

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు నిధికి వచ్చినదీ, అందులోంచి పోయినదీ ఇక్కడ రాస్తున్నాం. ఆదివారం కానుకలు, పాస్టరుగారి జీతం, మందిరం కరెంటు బిల్లు వేరే పుస్తకం. ఆ లెక్క సంఘ కమిటీ చెబుతుంది. ఇది ప్రార్థన గుంపుల్లో బయటపడిన అక్కరల కోసం పెట్టుకున్న నిధి.

ఖర్చు పుస్తకంలో ప్రతి వరుసకీ ఎడమ పక్కన ఒక నంబరు కనిపిస్తుంది. అది రశీదు నంబరు కాదు, ప్రార్థన పుస్తకం నంబరు. గుంపు కూడినప్పుడు పాట, వాక్యం అయ్యాక గుంపు పెద్ద మూడు మాటలు అడుగుతారు: ఎవరింట్లో జబ్బుంది, ఎవరికి పని లేదు, ఎవరికి అప్పు మీద పడింది. చెప్పినవి నంబరు వేసి రాస్తారు, ఆ నంబర్ల వారీగానే ప్రార్థన చేస్తారు. ఆమేన్ అన్నాక పుస్తకం మూయరు. ఒక్కో నంబరుకీ ఈ వారం ఎవరు ఏం చేస్తారో పక్కన రాశాకే ఇళ్లకు వెళతారు. ఒంటికి బట్ట, పూటకు తిండి లేనివారికి మంచి మాట ఒక్కటి చెప్పి పంపేస్తే ఏం లాభమని యాకోబు పత్రిక రెండో అధ్యాయం అడుగుతుంది కదా. ఈ ఏడాది రాసిన అక్కరలు 212. డబ్బు కావలసి వచ్చినవి 71. మిగిలినవి ఆసుపత్రికి తోడు వెళ్లడంతోనో, సచివాలయంలో పింఛను కాగితాలు పెట్టించడంతోనో, నాట్ల పనికి ముఠాలో చేర్చడంతోనో తీరాయి. ప్రార్థన పుస్తకంలో లేని ఖర్చు ఈ నిధిలో రాయం. పుస్తకాలు, జిరాక్సులు, బ్యాంకు చార్జీలు ఒక్కటే దీనికి మినహాయింపు.

జమ

ప్రారంభ నిల్వ (బ్యాంకులో 37,915, చేతిలో 1,270): రూ. 39,185
పిడికెడు బియ్యం అమ్మకం: రూ. 21,600
నెలవారీ కుటుంబ చందా: రూ. 33,550
కోత పండుగ వేలం: రూ. 31,840
గల్ఫులో ఉన్నవారి కానుక: రూ. 36,000
హైదరాబాదు, విజయవాడలో ఉన్నవారి కానుక: రూ. 18,400
తిరిగి వచ్చిన చేబదుళ్లు: రూ. 22,500
బ్యాంకు వడ్డీ: రూ. 1,094
మొత్తం: రూ. 2,04,169

బియ్యం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ నిధికి వేరు అదే. మిజోరంలో 1910లో మొదలైన పిడికెడు బియ్యం కానుకతో అక్కడి సంఘాలు ఈనాటికీ సేవ నడుపుకుంటున్నాయి. మన పల్లె సంఘాల్లోనూ అవ్వల కాలం నుంచి ఉన్న అలవాటే. ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసి, ఆ పూట పుస్తకంలో ఉన్నవారి పేరున ఒక్క మాట ప్రార్థన చెయ్యడం. పిడికెడంటే 50 గ్రాముల పైచిలుకు. రెండు పూటలా వేస్తే నెలకు మూడు కిలోలు దాటుతుంది. వాస్తవంగా మన ఇళ్లలో సగటున రెండు కిలోల పైన వచ్చింది. 58 కుటుంబాల నుంచి ఏడాదికి 1,486 కిలోలు.

ఇందులో రేషన్ బియ్యం 902 కిలోలు, సన్న బియ్యం 584 కిలోలు. ఈ రెండూ కలవకూడదు. కలిస్తే సన్న బియ్యానికి ధర పలకదు, అంతకంటే ముఖ్యం రేషన్ బియ్యం అమ్మడం నేరం. అందుకే మొదటి ఆదివారం మందిరం వరండాలో తెల్ల సంచి, పచ్చ సంచి వేరువేరుగా పెడుతున్నాం. రేషన్ బియ్యం ఒక్క గింజ కూడా అమ్మలేదు. ఒంటరి వృద్ధులు, విధవరాండ్రు ఉన్న ఆరు ఇళ్లకు నెలకు పది కిలోల చొప్పున 720 కిలోలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన తర్వాతి భోజనాలకు, చావు ఇళ్లలో వంటకు 150 కిలోలు పోగా 32 కిలోలు నిల్వ ఉంది. ఆ బియ్యంలో కాస్త తేడాగా కనిపించి నీళ్లలో తేలే గింజలను ప్లాస్టిక్ అనుకుని కొందరు ఏరి పారేస్తున్నారు. అవి బియ్యప్పిండికి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు. పారేయవద్దు. రక్తం తక్కువున్న ఆడపిల్లలకు మరీ అవసరం.

సన్న బియ్యంలో 480 కిలోలు కిలో 45 రూపాయల లెక్కన సంఘంలోనే అమ్మాం. 80 కిలోలు వరద బాధితుల పులిహోరకు వాడాం. 24 కిలోలు జూలై, ఆగస్టు ముసురులో పురుగు పట్టి కోళ్ల మేతకు పోయింది. గోనె సంచి నేల మీద ఉంటే చెమ్మ పడుతుంది, పాత బియ్యంలోని పురుగు కొత్త బియ్యానికి పాకుతుంది. ఇప్పుడు మూత బిగుతుగా ఉండే ఇనుప డ్రమ్ము చెక్కల మీద పెట్టాం. డ్రమ్ము ఖాళీ అయిన ప్రతిసారీ తుడిచి ఎండబెట్టి, ఆరిన వేపాకు అడుగున వేసి, ఆ తర్వాతే కొత్త బియ్యం పోస్తున్నాం. గోడౌన్లలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు తెస్తామని ఒకరిద్దరు అన్నారు. వద్దన్నాం. ఆ బిళ్లల గాలి మూసిన గదిలో మనుషుల్ని చంపుతుంది.

నెల చందా కుటుంబానికి 50 రూపాయలు. 64 కుటుంబాల్లో 47 పూర్తిగా, 12 కొన్ని నెలలు ఇచ్చాయి. మిగతా ఐదు కుటుంబాలను ఎవరూ అడగలేదు, ఇకముందూ అడగరు.

కోత పండుగ వేలంలో పాట మొత్తం 34,990. చేతికి వచ్చింది 31,840. బాకీ 3,150 జమలో చూపలేదు, వచ్చిన రోజున రాస్తాం. కోడిపుంజులు, గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు తెచ్చినవారి పేర్లు ఈసారి పాటకు ముందు చదవలేదు. పేరు చదివితే పెద్ద ఇంటి గుమ్మడికాయకు పోటీ పెరుగుతుంది, పేదరాలు తెచ్చిన నాలుగు గుడ్లు చవగ్గా పోతాయి. పేరు లేకపోయేసరికి గుడ్లకు కూడా గట్టి పాటే వచ్చింది.

గల్ఫు కానుకల సంగతిలో చట్టం తెలిసి ఉండాలి. భారత పౌరులు విదేశంలో తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అలా పంపిన నలుగురి పాస్‌పోర్టు నకళ్లు ఫైల్లో ఉన్నాయి. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవారు మనవాళ్లే అయినా, ఓసీఐ కార్డు ఉన్నా, వారిచ్చేది విదేశీ విరాళమే. విదేశీ విరాళం తీసుకునే ప్రభుత్వ అనుమతి మనకు లేదు. అమెరికా నుంచి ఒకరు ప్రేమతో ఇవ్వబోతే ఈ కారణం చెప్పి తీసుకోలేదు. వారు అర్థం చేసుకున్నారు.

ఖర్చు

వైద్యం: రూ. 34,260
అంత్యక్రియలు: రూ. 25,250
చదువులు: రూ. 17,480
చేబదుళ్లు: రూ. 30,000
సమాధుల తోట బాట: రూ. 14,600
బుడమేరు వరద సాయం: రూ. 16,950
ఉపవాస ప్రార్థన భోజనాలు (పప్పు, కూరగాయలు, గ్యాస్): రూ. 9,600
పుస్తకాలు, జిరాక్సులు, బ్యాంకు చార్జీలు: రూ. 1,385
మొత్తం: రూ. 1,49,525

వైద్యంలో పెద్ద భాగం డయాలసిస్‌కు ఆటో. చికిత్స ఉచితమే గాని వారానికి రెండుసార్లు పోయి రావడం ఉంది చూశారూ, అక్కడే ఇల్లు కుదేలవుతుంది. సంఘంలోని ఆటో నడిపేవారు కిరాయి తీసుకోకుండా ఆయిల్ ఖర్చు 150 మాత్రం తీసుకుని 96 సార్లు తిప్పారు: 14,400. ఆసుపత్రిలో చేరిన తొమ్మిది మందికి తోడున్నవారి తిండికి, బస్సు చార్జీలకు 11,350. బీపీ, షుగరు మాత్రలు జన ఔషధి దుకాణంలో కొన్నవి 8,510. మాత్రలకు డబ్బు చేతికివ్వం. చీటీ చూసి కొని ఇస్తాం, పాత అట్ట ఖాళీది వెనక్కి తీసుకుంటాం. ఒంట్లో బాగున్నట్టు అనిపించగానే బీపీ మాత్ర మానేసేవారు చాలామంది. ఖాళీ అట్ట అడిగితే ఆ సంగతి బయటపడుతుంది.

ఈ ఏడాది ఐదుగురు ప్రభువునందు నిద్రించారు. పెట్టెలు బయట కొనలేదు. పన్నెండు ఎంఎం ప్లైవుడ్ 8×4 షీట్లు రెండు తెస్తే ఆరుంపావు అడుగుల పెట్టె, మూతతో సహా వస్తుంది. షీట్లు 3,200, మేకులు, పిడులు, తెల్లగుడ్డ 650, వెరసి 3,850. ఐదింటికి 19,250. కొలత తీసుకునేటప్పుడు మనిషి పొడవుకు మూడంగుళాలు కలపాలి, భుజాల దగ్గర వెడల్పు చూసుకోవాలి. అడుగు పలకకు మేకులు చాలవు, అడ్డంగా మూడు రీపర్లు వేసి స్క్రూలు బిగించాలి. లేకపోతే మోసేటప్పుడు అడుగు వంగుతుంది. వడ్రంగి పని, గుంట తవ్వకం యువకులు కూలి లేకుండా చేశారు. బంధువులు దూరం నుంచి రావలసి వచ్చి ఫ్రీజర్ బాక్సు మూడుసార్లు అద్దెకు తెచ్చాం: 6,000. సొంతంగా కొనాలన్న మాట వచ్చింది. ఏడాదికి మూడుసార్ల వాడకానికి కొని, రిపేర్లు చేయించి, భద్రపరచడం కంటే అద్దే నయమని కమిటీ అభిప్రాయం.

చేబదులు ఆరుగురికి ఐదు వేల చొప్పున ఇచ్చాం. వడ్డీ లేదు, నెలకు 500, పది నెలలు. నిరుటి బాకీ 12,000, ఈ ఏడాది ఇచ్చినవి 30,000, తిరిగి వచ్చినవి 22,500, ఇంకా రావలసింది 19,500. ఇది ఒక విషయానికే పనికొస్తుంది: రోజువారీ వడ్డీకి తెచ్చిన చిన్న అప్పు తీర్చి ఊపిరి తీసుకోవడానికి. యాభై వేల అప్పున్నవారికి ఐదు వేలిస్తే మరో అప్పు పెరుగుతుందే తప్ప ఏమీ తీరదు. అలాంటివారికి డ్వాక్రా సంఘం ద్వారా బ్యాంకు లోను దారి చూపిస్తున్నాం. కంతు తప్పినవారు సిగ్గుతో ప్రార్థనకే రావడం మానేస్తారు. అందుకని కంతులు గుంపులో అడగడం లేదు, రాయడం లేదు. సోమవారం సాయంత్రం కోశాధికారి ఇంటి దగ్గర ఇవ్వవచ్చు. ప్రార్థనకు వచ్చినవారిని బాకీ గురించి ఎవరూ కదపకండి, ఇది గుంపు పెద్దలకు మా గట్టి మనవి.

సమాధుల తోట బాటకు గ్రావెల్ ఆరు ట్రాక్టర్లు 10,800, సిమెంటు తూములు రెండు 3,800. నల్లరేగడి మీద నేరుగా గ్రావెల్ పోస్తే మొదటి వానకే దిగిపోతుంది. కింద ఇటుక ముక్కలు పరిచి దిమ్మిస చేసి, ఆపైన గ్రావెల్ వేసి, నడిమి భాగం రెండంగుళాలు ఎత్తుగా ఉంచి, పక్కన నీళ్లు పోవడానికి బోదె తీయాలి. తూముల చోటు బాట పక్క పొలాల రైతులు చూపించారు. బాట వారిదీ, మనదీ. పని మూడు శనివారాలు శ్రమదానంగా జరిగింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు మునిగినప్పుడు రెండుసార్లు వ్యాను పంపాం. మొదటిసారి పులిహోర 600 పొట్లాలు, మంచినీళ్ల సీసాలు. సాంబారన్నం సాయంత్రానికే పాచిపోతుంది. చింతపండు, నూనె దండిగా పడిన పులిహోర మర్నాటి దాకా ఆగుతుంది, అదీ పళ్లాల్లో ఆరబోసి పూర్తిగా చల్లారాక కడితేనే. వేడి మీద కడితే లోపల చెమ్మ పట్టి పులుస్తుంది. నూనె, చింతపండు, పోపు సామాను 4,650, పొట్లాల కవర్లు 1,200, నీళ్లు 3,900. రెండోసారికి అన్నం అందరూ తెస్తున్నారు, కావలసినవి వేరు: కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, పాల పొడి, శానిటరీ ప్యాడ్లు. వీటికి 4,200. వ్యాను రెండు ట్రిప్పులకు 3,000. పొట్లం ఇచ్చేటప్పుడు కరపత్రాలు పంచలేదు, ఫొటోలు తీయలేదు. ఇది గుంపులన్నీ ముందే ఒప్పుకున్న మాట.

చదువుల ఖర్చులో పరీక్ష ఫీజులు, బస్సు పాసులు, నోటు పుస్తకాలు ఉన్నాయి. సాయం పొందినవారి పేర్లు ఏ పద్దులోనూ బయట పెట్టం.

మార్చి 31న నిల్వ రూ. 54,644: బ్యాంకులో 53,384, చేతిలో 1,260. చేతిలో రెండు వేలు మించి ఉంచం. వచ్చిన డబ్బు ఒకే ఇంటివారు కాని ఇద్దరు లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేస్తారు. చెక్కు మీద కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి సంతకాలూ ఉండాలి. యెరూషలేముకు చందా తీసుకెళ్లడానికి పౌలు ఒక్కడే బయల్దేరలేదు, సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని వెంటబెట్టుకున్నాడు. రోజువారీ పంపకంలో విధవరాండ్రను చిన్నచూపు చూశారన్న సణుగు వచ్చినప్పుడు అపొస్తలులు సణిగినవారిని కసరలేదు, ఏడుగురిని ఏర్పరచమన్నారు. మన కమిటీ కూడా ఏడుగురమే, నలుగురు స్త్రీలు. పంపకం మీద ఫిర్యాదు ఉంటే గుంపు పెద్దకైనా, మాలో ఎవరికైనా చెప్పండి. దానికీ ప్రార్థన పుస్తకంలో నంబరు పడుతుంది.

ఓచర్లు, రశీదులు, బియ్యం తూకం పుస్తకం ఏప్రిల్ నెలంతా ఆరాధన తర్వాత మందిరం వెనక గదిలో ఉంటాయి. ఎవరైనా చూడవచ్చు, ఫొటో తీసుకోవచ్చు. కమిటీలో లేని ఇద్దరు సంఘస్తులు లెక్క తనిఖీ చేసి సంతకం చేశారు. మే మొదటి ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఈ లెక్క ఆమోదానికి పెడతాం. ఆ రోజు తేల్చవలసినవి రెండు: చేబదులు మొత్తం ఐదు వేల నుంచి పెంచాలా వద్దా, డయాలసిస్ ఆటో నడపడానికి రెండో మనిషిని ఎక్కడి నుంచి తేవాలి.

— నిధి కమిటీ