అడిగింది వదిలేసి అడిగినవాళ్ళ మీద పడటం గురించి

ఒరేయ్ మామా,

ఫోన్‌లో మొదలుపెడితే ఈ సంగతి సగంలోనే తెగిపోతుందని కూర్చుని రాస్తున్నా. నెట్‌లో ఎవరో ఏదో అడుగుతారు, కింద చేరినవాళ్ళు జవాబు వదిలేసి ఆ మనిషి తెలివి ఎంత, పెంపకం ఎలాంటిది, డబ్బు ఎంతుంది అని తేల్చేస్తారు. ఎందుకిలా చేస్తారని చాలా రోజులుగా ఆలోచిస్తున్నా.

ముందు పప్పు గొడవ చెప్తా విను. మీ చెల్లి ఉన్న తెలుగువాళ్ళ వంటల గ్రూపులో ఒకమ్మాయి, కొత్తగా పెళ్ళయి రాజమండ్రి నుంచి ఇక్కడ బెంగళూరు వైట్‌ఫీల్డ్‌కి వచ్చిందట, "కందిపప్పు ఆరు విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటోంది, ఏం చేయాలి?" అని అడిగింది. అంతే. "మీ అమ్మ ఏమీ నేర్పలేదా" అని ఒకావిడ, "పప్పు ఉడకబెట్టడం రాకుండానే పెళ్ళి చేసుకున్నావా" అని ఇంకొకావిడ, ఈ కాలం పిల్లలకి ఆర్డర్ పెట్టుకోవడం తప్ప ఏం తెలుసని మరొకరు. ఊళ్ళో ఉన్న ఆ తల్లిని కూడా మధ్యలోకి లాగేశారు.

నిజానికి అది చాలా మంచి ప్రశ్న. వైట్‌ఫీల్డ్ వైపు చాలా అపార్ట్‌మెంట్లకి బోరు నీళ్ళో ట్యాంకర్ నీళ్ళో గతి. ఆ నీళ్ళలో కాల్షియం ఎక్కువ, కుళాయిల మీద తెల్లగా గార కట్టేది అందుకే. ఆ కాల్షియం పప్పు గింజని అతికి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని పట్టుకుని గట్టిపరుస్తుంది, దాంతో పప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. పైగా బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కదా, ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కుక్కర్లో ఆ తేడా కొంత తగ్గుతుందిలే గానీ నీళ్ళ తేడా ఎక్కడికి పోతుంది? గోదావరి నీళ్ళతో వాళ్ళమ్మ మూడు విజిల్స్‌కి దించేసే పప్పు ఇక్కడ ఆరింటికీ ఉడకలేదంటే ఆ పిల్ల చేసిన తప్పేంటి చెప్పు? మీ చెల్లి ఆ అమ్మాయికి విడిగా మెసేజ్ పెట్టి "ఏ నీళ్ళు పోస్తున్నావమ్మా" అని అడిగింది. బోరు నీళ్ళేనట. ఫిల్టర్ నీళ్ళలో గంట నానబెట్టి ఆ నీళ్ళతోనే వండమంది, ఉడికింది.

ఆ ఒక్క మాట అంతమందిలో ఇంకెవరూ ఎందుకు అడగలేదన్నదే నా బాధ. అదే అమ్మాయి మా వీధి చివర కిరాణా కొట్టుకెళ్ళి ఇదే సంగతి చెప్తే కొట్టతను ముఖం చూస్తాడు, పాత పప్పేమో, నీళ్ళెక్కడివి అని రెండు మాటలు అడుగుతాడు. ఎందుకంటే అక్కడ ఉన్నది వాళ్ళిద్దరే. గ్రూపులో అయితే వందల మంది చూస్తుంటారు. జవాబు రాసేవాడి మనసు అడిగినవాళ్ళ మీద ఉండదు, చూసేవాళ్ళ మీద ఉంటుంది. తనకి తెలుసని వాళ్ళ ముందు చూపించుకోవాలి, దానికి దగ్గరి దారి ఎదుటివాళ్ళకి తెలియదని చాటడం. నాకు దొరికిన అసలు కారణం ఇదేరా.

దీనికి తోడు మనందరిలో ఉన్న పాత అలవాటు ఒకటుంది, పరిస్థితిని పక్కనపెట్టి అంతా ఆ మనిషి గుణమే అనుకోవడం. 1967లో అమెరికాలో జోన్స్, హారిస్ అని ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు, క్యూబా నాయకుడు కాస్ట్రో గురించి రాసిన వ్యాసాలు కొంతమంది చేత చదివించారు. అనుకూలంగా రాయాలో వ్యతిరేకంగా రాయాలో రాసేవాళ్ళకి ముందే చెప్పేశారని స్పష్టంగా చెప్పినా, చదివినవాళ్ళు మాత్రం అనుకూలంగా రాసినవాడు మనసులో కూడా కాస్ట్రో వైపే ఉంటాడని అనుకున్నారు. పరిస్థితి చెప్పినా ఇలా ఉంటే, ఏ పరిస్థితీ తెలియని ఒక్క వాక్యం ప్రశ్న చూసి ఏమనుకుంటారో ఊహించుకో.

విషయం బాగా తెలిసినవాళ్ళ ఇబ్బంది ఇంకోటి. 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు కొంతమందిని తెలిసిన పాటల దరువు బల్లమీద వేళ్ళతో కొట్టమంది, వినేవాళ్ళు పాట పోల్చాలి. సగం పాటలైనా గుర్తుపడతారని కొట్టినవాళ్ళ నమ్మకం. 120 పాటల్లో 3 మాత్రమే గుర్తుపట్టారు. కొట్టేవాడికి లోపల పాట మోగుతూనే ఉంటుంది, ఎదుటివాడికి వినిపించేది టకటక చప్పుడే. ముప్పై ఏళ్ళుగా వండుతున్నవాళ్ళకి, కొత్తవాళ్ళకి పప్పు వండటం ఎందుకు రాదో అర్థం కాకపోవడం ఇలాంటిదే. వాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. అదే ప్రశ్న నెలనెలా చూసి విసుగొచ్చినవాళ్ళూ ఉంటారు, అదీ నిజమే, కానీ విసుగొస్తే జవాబు రాయకుండా ముందుకెళ్ళిపోవచ్చుగా.

ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు సందేహాలు అడగడానికి పిప్పలాదుడనే ఋషి దగ్గరకి వెళ్తే ఆయన ఏమన్నాడో తెలుసా? ఏడాది ఇక్కడ ఉండండి, తర్వాత మీకిష్టమైనవి అడగండి, నాకు తెలిస్తే అన్నీ చెప్తానన్నాడు. నాకు తెలిస్తే అన్న మాట అంత పెద్ద ఋషి నోట రావడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. ప్రశ్నలు వినేసరికి ఆయనకి ఆ ఆరుగురూ ఏడాదిగా తెలిసినవాళ్ళు కూడా.

అలాగని ఏ ప్రశ్న చూసీ మనిషిని అంచనా వేయకూడదని కాదు. "అబ్బాయికి ఐటీ ఉద్యోగం, కట్నం ఎంత అడగొచ్చు?" అని ఒకడు పెడతాడు. 1961 నుంచి చట్టంలో నేరమైన పని చేయబోతున్నానని వాడే చెప్తున్నాడు కాబట్టి గట్టిగా తిట్టాల్సిందే. తెలియక అడిగేది వేరు, చేయబోయే చెడ్డపనికి ధర కనుక్కునేది వేరు.

ఇక నీ సంగతి. నాన్న ఆపరేషన్‌కి పీఎఫ్ తీయొచ్చా అని నువ్వు అడిగితే, ఇన్సూరెన్స్ లేకుండా ఇన్నేళ్ళు ఏం చేశావని, ముసలితనానికి దాచిన డబ్బు తినేస్తున్నావని రాశారన్నావే, అది విన్నప్పటి నుంచి నాకు ఒళ్ళు మండుతోంది. ఆ వయసులో, ఆ షుగరుతో ఆయనకి పాలసీ ఇప్పించడానికి ఎన్ని కంపెనీల చుట్టూ తిరిగావో నాకు తెలుసు, వాళ్ళకేం తెలుసు? ఇంకెప్పుడూ ఎవరినీ ఏమీ అడగనన్నావు చూడు, ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అవసరం ఉన్నవాళ్ళు ఇలాగే నోరు మూసుకుంటారు, ఆ తర్వాత వడ్డీవ్యాపారి దగ్గరకి వెళ్తారు.

నీ ప్రశ్నకి జవాబు ఇదిగో. తీయొచ్చు. తల్లిదండ్రుల వైద్యానికి పీఎఫ్ నుంచి అడ్వాన్స్ తీసుకునే వీలు ఆ పథకంలోనే ఉంది, అది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. ఎంత వస్తుందో మీ ఆఫీసులో హెచ్‌ఆర్‌ని అడుగు. ఈలోపు నీ యూఏఎన్‌కి, అంటే నీ పీఎఫ్ నంబరుకి, ఆధార్, బ్యాంకు ఖాతా లింకయ్యాయో లేదో చూడు, పేరులో స్పెల్లింగ్ తేడా ఉంటే క్లెయిమ్ వెనక్కొచ్చే ప్రమాదం ఉంది. నీ సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండేది కదా, అది ముందు సరిచూసుకుని రేపు రాత్రి ఫోన్ చెయ్.