విరిగినవి, వంగినవి, నిలిచినవి: మన ట్రక్కుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

డాలస్ ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనోల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల, రిమోట్‌తో నడిపే బొమ్మ ట్రక్కుల సంఘానికి ఈ ఏడాది ఎక్కువ భాగం మరమ్మతులతోనే గడిచింది. ఉగాది నాటి పిల్లల పోటీ, దసరా విందు సజావుగానే జరిగాయి. ఫొటోలు అందరికీ అందాయి కనుక వాటి జోలికి పోను.

అసలు సంగతి సస్పెన్షన్. నిరుడు ఇదే సమావేశంలో ముందు చక్రాలను బండికి కలిపే ఆర్మ్‌లన్నీ అల్యూమినియంవి వేయిద్దామని పట్టుబట్టింది నేనే. ఆ తప్పు నా పద్దులోనే రాసుకోండి. 1/10 స్కేలు ట్రక్కు ర్యాంపు మీద నుంచి ఎగిరి ఒంటి చక్రం మీద దిగితే ఆ దెబ్బ ఎక్కడో ఒకచోట అరగాలి. నైలాన్ ఆర్మ్ వంగుతుంది, మళ్లీ తన ఆకారానికి వస్తుంది. అల్యూమినియంది చిన్న దెబ్బలకు చలించదు. పెద్ద దెబ్బకు మాత్రం వంగితే వంగినట్టే ఉండిపోతుంది, లేదా దెబ్బను లోపలికి నెట్టేస్తుంది. ఆర్మ్ తళతళలాడుతూనే ఉండగా దాని వెనుక, ఆర్మ్‌లు బిగించి ఉండే బల్క్‌హెడ్ పగిలిన బండ్లను ఈ వేసవిలో చూశాం. ఆర్మ్ మార్చడానికి కాసేపు చాలు. బల్క్‌హెడ్‌కైతే బండి ముందు భాగమంతా విప్పాలి, ఈలోగా పిల్లవాడి ఏడుపు వేరే.

అందుకే ఆగస్టులో ఆర్‌పీఎం కంపెనీ నైలాన్ ఆర్మ్‌లకు మారాం. గరాజులో ఏళ్ల తరబడి ఎండిన పాత నైలాన్ భాగాలను నీళ్లలో మరిగించి వాడుతున్నాం. నైలాన్ తేమను పీల్చుకుంటుంది, ఆ తేమే దాని పెళుసుతనాన్ని తగ్గిస్తుంది. అయినా జనవరి చలిలో అది బిగుసుకుంటుంది కనుక తెల్లవారుజామున పెద్ద గెంతులు వద్దు.

అల్యూమినియాన్ని పూర్తిగా వెలివేయలేదు. కుదుపును మింగే నూనె గొట్టాలున్నాయే, ఆ షాక్‌ల మూతలు దానివే మేలు. ప్లాస్టిక్ మూత మరలు అరిగితే గట్టిగా దిగినప్పుడు మూత ఊడి నూనెంతా నేలపాలవుతుంది. జూలై ఎండకు నూనె పలచబడుతుంది కాబట్టి అప్పుడు ఒక మెట్టు చిక్కనిది పోయండి. ఆర్మ్ కదలడానికి ఇరుసుగా ఉండే హింజ్ పిన్ వంగిందని అనుమానం వస్తే అద్దం పలక మీద దొర్లించండి, తడబడితే పారేయండి. వంగిన పిన్ను మీద ఎంత మంచి ఆర్మ్ బిగించినా స్వేచ్ఛగా కదలదు.

జమాఖర్చుల పట్టిక జతచేశాం. అందులో "గిన్నె" అన్న పద్దేమిటని కొందరు అడిగారు. ఆర్మ్‌లు మరిగించడానికి మా ఇంట్లో పప్పు గిన్నె వాడుకోనివ్వలేదు కనుక సంఘం డబ్బుతో కొన్నాం. అది ఇప్పుడు ఏ సభ్యుడి ఇంట్లో ఉందో తెలియదు. దయచేసి అందులో వంట చేయకండి, వచ్చే ఆదివారం ట్రాక్ దగ్గరికి తీసుకురండి.

ఇట్లు,
కార్యదర్శి