వార్షిక నివేదిక: ఇంటింటా పులిజూదం

మాన్య సభ్యులకు నమస్కారం.

ఉగాది, సంక్రాంతి వేడుకలు ఎప్పటిలాగే జరిగాయి; వాటి వివరాలు మీకు తెలిసినవే కనుక, ఈ ఏడు కొత్తగా చేపట్టిన పులిజూదం (గీతల పటంపై పులులు, మేకలు అనే పావులతో ఇద్దరు ఆడే ఆట) కార్యక్రమం గురించే విపులంగా రాస్తున్నాను. పేరులో జూదం ఉన్నందుకు ఒకరిద్దరు పెద్దలు ముఖం చిట్లించారు గానీ, మనం ఆడిన ఆటలో పందెమూ లేదు, పాచికలూ లేవు. పాత దేవాలయాల మండపాల బండలపై నేటికీ కనిపించే గీతల్లో ఈ ఆట పటాలూ ఉన్నాయి.

పటాన్ని కొనకుండా ఎవరింట్లో వారే తయారుచేసుకోవాలని కార్యవర్గం నిర్ణయించింది. పైకొన నుంచి అడుగుగీత దాకా నాలుగు గీతలు దించి, వాటిని కోసే మూడు అడ్డగీతలను రెండు పక్కలా బయటికి పొడిగించి, ఆ చివరలను నిలువుగీతలతో కలిపితే 23 కూడళ్ల పటం సిద్ధమవుతుంది. అయితే మొదటి అడ్డగీతను కొనకు మరీ దగ్గరగా గీసిన ఇళ్లలో పావులుగా పెట్టిన చింతగింజలు ఒకదానిపై ఒకటి ఎక్కి, ఏది ఏ కూడలిలో ఉందో తెలియక, అట్టలను మళ్లీ గీయవలసి వచ్చింది. ముందు అరుగుమీద సుద్దముక్కతో గీసి చూసుకోమన్న పెద్దల మాట వింటే ఆ శ్రమ తప్పేది.

మూడు పులుల్లో ఒకటి కొనలో, రెండు దాని కింది అడ్డగీత నడిమి కూడళ్లలో ఉంటాయి. 15 మేకలను ఒక్కొక్కటిగా దింపాలి. అన్నీ దిగేదాకా ఏ మేకా కదలరాదు. పులి మాత్రం పక్క కూడలికి జరగవచ్చు, లేదా పక్కనున్న మేక మీదుగా అదే గీతపై ఖాళీ కూడలికి దూకి దాన్ని తినవచ్చు. పులులన్నిటికీ దారి మూసుకుపోతే గెలుపు మేకలది.

పిల్లలందరూ పులులే కావాలన్నారు, తొలి వారాల్లో గెలిచినవీ పులులే. అడుగుగీత రెండు చివరలు, పక్క నిలువుగీతల నాలుగు చివరలు కలిపి ఆరు మూలల్లో ఉన్న మేకను దూకడానికి దాని వెనుక కూడలి లేదని ఒక అమ్మమ్మగారు చూపించిన తరువాత, మేకల పక్షానికీ ఆటగాళ్లు దొరికారు.

ఒకే ఎత్తులో పులి రెండు మేకలను వరుసగా తినవచ్చా అన్న తగాదా మాత్రం తెగలేదు. సభ్యుల ఊళ్లలో ఒక్కోచోట ఒక్కో పద్ధతి. ఎత్తుకు ఒక మేక మాత్రమేనని, ఆరు మేకలు పోతే పులులు గెలిచినట్టని కార్యవర్గం చేసిన ప్రతిపాదనను సర్వసభ్య సమావేశం ఆమోదం కోసం సమర్పిస్తున్నాను.

ఇట్లు,
కార్యదర్శి