మేనేజర్లు మిషన్ల దగ్గరికి రావాలి

సంపాదకుల వారికి,

మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం అని ఫ్యాక్టరీల్లో కార్మికులతో ప్రతిజ్ఞ చేయిస్తారు, బ్యానర్ ముందు ఫొటో దిగుతారు. మర్నాటి నుంచి మేనేజర్ షెడ్డులోకి వచ్చేది ప్రొడక్షన్ ఎంతయిందో అడగడానికే.

వరంగల్ చుట్టుపక్కల పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులనే తీసుకోండి. పత్తితో పాటు వచ్చిన రాయో, ఇనుప ముక్కో మిషన్‌లో పడి నిప్పురవ్వ లేస్తే చాలు, అంటుకుంటుంది. రోలర్ దగ్గర పత్తి ఇరుక్కుంటే మిషన్ ఆపకుండానే చెయ్యి పెట్టి లాగుతారు. దెబ్బ తగిలితే కూలీ అజాగ్రత్త అని రాసేస్తారు. ఆపితే తిట్టేదెవరో మాత్రం రాయరు! సీజన్‌లో గేటు బయట పత్తి బండ్లు బారులు తీరి ఉంటే, మిషన్ ఆపమనే ధైర్యం సూపర్‌వైజర్‌కు ఎక్కడిది? ఆ మాట మేనేజరే చెప్పాలి, అదీ అందరి ముందు.

1948 ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేసిన సవరణ, ప్రమాదకర ప్రక్రియలు జరిగే చోట యాజమాన్యం, కార్మికులు సమాన సంఖ్యలో కూర్చునే భద్రతా కమిటీ ఉండాలంది. నిర్ణయం తీసుకోగలవాళ్లు ఆ మీటింగుకు రాకపోతే బెల్టుకు గార్డు బిగించడానికి కూడా నెలలు పడుతుంది. 2025 జూన్‌లో పాశమైలారం సిగాచీ ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా చనిపోయాక అందరూ తనిఖీల గురించే మాట్లాడారు. ఇన్‌స్పెక్టర్ ఎప్పుడో వస్తాడు, మేనేజర్ రోజూ అక్కడే ఉంటాడు.

కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు వచ్చే కంపెనీలైనా మేనేజర్ పనితీరులో భద్రతను కలపాలి. ప్రమాదాల సంఖ్య ఒక్కటే చూస్తే దాచేస్తారు. త్రుటిలో తప్పినవి ఎన్ని రాసిపెట్టారో, ఎన్ని సరిచేశారో అడగాలి.

— ఒక రిటైర్డ్ ఫిట్టర్, కాశిబుగ్గ, వరంగల్