బిల్లు లేని ఆయిల్ సీలు

సంపాదకుడు గారికి,

నమస్కారం. 2025 సెప్టెంబరు 22 నుంచి మోటారు వాహనాల విడిభాగాలన్నిటిపై జీఎస్టీ 18 శాతమైంది; అంతకుముందు వాటిలో చాలావాటిపై 28 శాతం ఉండేది. బిల్లు కావాలంటే ఒక ధర, వద్దంటే మరో ధర అని చెప్పేవారి సాకులో పెద్ద భాగం దీంతో తీరిపోయింది. అయినా కారు ఇంజిన్ మరమ్మతులో ఆయిల్, నీరు కారకుండా వేసే సీళ్లు, గ్యాస్కెట్లు, ఓ రింగులు, ఇంకా ఫిల్టర్ల విషయంలో చాలాచోట్ల ఇప్పటికీ యజమాని చేతికి వచ్చేది 'సామాన్లు' అని ఒకే పద్దు రాసిన చీటీ మాత్రమే. ఆ సామాను ఎవరు తయారుచేశారో, దాని పార్టు నంబరు ఏమిటో అందులో ఉండదు.

చిన్న సామానుకు ఇంత రాద్ధాంతమెందుకని కొందరికి అనిపించవచ్చు. పిస్టన్ల కదలికతో తిరిగే ఇంజిన్ ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్ వెనుకవైపు ఆయిల్ సీలు ఖరీదు, దాన్ని మార్చేందుకు గేరుబాక్సు దించి క్లచ్ విప్పే కూలితో పోలిస్తే స్వల్పం. అది కొద్ది నెలలకే మళ్లీ కారితే ఆ కూలి అంతా రెండోసారి కట్టుకోవలసి వస్తుంది. మామూలు నైట్రైల్ రబ్బరు 100, 120 డిగ్రీల వేడి వరకు నిలబడితే, ఫ్లోరో రబ్బరు 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. రెండో రకం ఉండవలసిన చోట మొదటిది వేస్తే అది గట్టిపడి పగులుతుంది. కౌంటరు దగ్గర చేతిలో పట్టుకుని చూసినవారికి ఆ తేడా తెలిసే మార్గం లేదు. వాల్వులను సరైన సమయానికి తెరిచి మూయించే టైమింగ్ బెల్టుతో నడిచే రెనో 1.5 లీటర్ల డీజిల్ లాంటి ఇంజిన్లలో బెల్టు మంచిదే వేసి, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ దగ్గర పొదుపు చేస్తే, దాని బేరింగు పట్టేసిన రోజున బెల్టు జారి, వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. ఇంజిన్ పైభాగమైన హెడ్ విప్పక తప్పదు. ఇంజిన్‌ను చల్లబరిచే నీటి ప్రవాహాన్ని వేడిని బట్టి వదిలే కవాటం థర్మోస్టాట్; నాసిరకంది మూసుకుపోయి ఇంజిన్ వేడెక్కితే అల్యూమినియం హెడ్ వంకరపోయే ప్రమాదం ఉంది. (మనది వేడి ప్రాంతం, థర్మోస్టాట్ తీసి పక్కన పడేద్దామనే సలహా మన షెడ్లలో ఇంకా వినిపిస్తుంది. ఇంజిన్ తగినంత వేడెక్కక డీజిలు ఎక్కువ తాగుతుందనీ, రింగులు త్వరగా అరుగుతాయనీ ఆ సలహాతో పాటు ఎవరూ చెప్పరు.)

కార్ల కంపెనీ పెట్టెలో వచ్చిందే కొనమని నేను అనడం లేదు. కంపెనీలు ఈ భాగాల్లో చాలావాటిని సొంతంగా చేయవు. వాటికి సరఫరా చేసే తయారీదారులే అదే రకం సామానును తమ సొంత పేరుతో, తరచుగా తక్కువ ధరకు, బజారులో అమ్ముతారు. తెలివైన కొనుగోలుదారు వెతకవలసింది దాన్ని. ఈ దారిని కార్ల కంపెనీలు అడ్డుకుంటున్నాయనే కారణంతోనే, మార్కెట్లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కంపెనీలకు మొత్తం 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసి, విడిభాగాలను బయటి మార్కెట్లో దొరకనివ్వమని ఆదేశించింది. ఆ ఉత్తర్వు తరువాత అప్పీళ్ల పాలైంది. కంపెనీ పెట్టె ఖరీదైనదై, తయారీదారు పెట్టె దొరకక, మధ్యలో మిగిలిన జాగాలోకి డూప్లికేట్ సరుకు చేరుతోంది.

నకిలీ మార్కు వేసినా, అమ్మినా 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా విధిస్తుంది. అయితే అదే చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం వారంటు లేకుండా సోదా చేయాలంటే డీఎస్పీకి తగ్గని హోదా అధికారి కావాలి, ఆయన ముందుగా ట్రేడ్ మార్కుల రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. ఆ అభిప్రాయం వచ్చేసరికి సరుకు అక్కడే ఉంటుందా?

ఇంతకంటే సులువైన మార్గం తూనికలు, కొలతల శాఖ చేతిలో ఉంది. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమాల ప్రకారం పెట్టెపై తయారీదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం ఉండాలి. ఇవి లేని పెట్టెలపై చర్య తీసుకోవడానికి రిజిస్ట్రార్ అభిప్రాయం అవసరం లేదు. పెట్రోలు బంకులనూ మిఠాయి దుకాణాలనూ తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్లు విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనూ, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ, జిల్లా కేంద్రాల్లోని స్పేర్ పార్టుల కొట్లలోనూ అదే పట్టుదలతో తిరగాలి. ప్లాస్టిక్ డబ్బాలో పోసి విడిగా అమ్మే సీళ్ల మూలం ఎక్కడో కూడా అడగాలి.

ఈలోగా కారు యజమానులు చేయగలిగినది కొంత ఉంది. ఇంజిన్ విప్పకముందే మార్చబోయే భాగాల పేర్లు, పార్టు నంబర్లు రాయించుకోవాలి. బిగించేముందు పెట్టెలు, బిగించాక పాత భాగాలు చూపమనాలి. ఖాళీ పెట్టెలు నకిలీదారుల చేతికి పోకుండా చింపేయాలి. మంచి మెకానిక్ ఎవరూ ఇందుకు నొచ్చుకోరు. నాసి సామాను వల్ల చెడ్డపేరు మొదట వచ్చేది ఆయనకే. పూర్తి వివరాలున్న బిల్లు చేతిలో ఉంటే జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కైనా, జిల్లా వినియోగదారుల కమిషన్‌కైనా ఆధారంతో వెళ్లవచ్చు. ప్రతి విడిభాగాన్నీ తయారీదారు పేరు, పార్టు నంబరుతో విడివిడిగా బిల్లులో రాయడం మరమ్మతు షెడ్లకు తప్పనిసరి చేస్తూ రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఉత్తర్వులు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, గుంటూరు