తిమింగలాల వేటలో కళాసీ ఏడి?

సంపాదకుల వారికి,

ధ్రువ ప్రాంతపు తిమింగలాల వేట ఓడల మీద ఆమధ్య ఆదివారం అనుబంధంలో మీరు వేసిన వ్యాసం గురించి ఈ లేఖ. ఎవరో ఒకరు రాస్తారులే అని ఇన్నాళ్లు ఆగాను. ఎవరికీ పట్టినట్టు లేదు.

ముందు ఆ బొమ్మ. అలాస్కా తీరంలో మంచు, మంచులో ఓడ, పక్కన బారులు తీరిన పెంగ్విన్లు! దక్షిణ ధ్రువం వైపు ఉండే ఆ పక్షులు ఉత్తరాన ఉన్న అలాస్కాకు టికెట్ కొనుక్కుని వెళ్లాయా? అచ్చుకు పంపేముందు చూసే నాథుడే లేడా?

సరే, బొమ్మ వదిలేద్దాం. వ్యాసం నిండా కెప్టెన్ల సాహసమే. ఓడలో పనిచేసే కళాసీల అసలు చాకిరీ తిమింగలం చచ్చాక మొదలయ్యేది. బౌహెడ్ తిమింగలానికి కొవ్వే అడుగున్నర మందం దాకా ఉంటుంది. దాన్ని కోసి, అమెరికా ఓడల్లో అయితే డెక్ మీదే ఇటుకల పొయ్యి పెట్టి నూనె కోసం ఇనుప బానల్లో కాచేవాళ్లు. నూనె పిండేసిన కొవ్వు పిప్పినే పొయ్యిలోకి తోసేవాళ్లు. ఆ పొగలో, ఆ జిడ్డులో రాత్రీ పగలూ వంతులేసుకుని పని. తిండి ఉప్పు మాంసం, గట్టి బిస్కెట్లు.

ఇంతా చేస్తే నెల జీతం లేదు. వచ్చిన లాభంలో వాటా. కెప్టెన్‌కు సుమారు 12, 15 వంతుల్లో ఒకటి వస్తే, కొత్త కుర్రాడికి 200 వంతుల్లో ఒకటి. ఓడలో అరువు తీసుకున్న చొక్కాకు, పొగాకుకు ఎక్కువ ధర కట్టి అందులోంచే కోసేవాళ్లు. ఏళ్ల తరబడి పనిచేసి చివరికి బాకీతో దిగినవాళ్లూ ఉన్నారు. దీని గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు.

1871లో అలాస్కా దగ్గర 33 ఓడలు మంచులో ఇరుక్కుంటే 1,219 మంది పడవల్లో బయటపడ్డారు, ఒక్కరూ చనిపోలేదు. దాన్ని మాత్రం పెద్ద అక్షరాల్లో వేశారు, సంతోషం. వాళ్లను ఎక్కించుకోవడానికి మిగిలిన 7 ఓడల వాళ్లు తమ సరుకును సముద్రంలో పారేశారు. మరి పంచుకోవడానికి ఏం మిగిలినట్టు?

ఈ మధ్య పత్రికలన్నీ ఇంతే. ఇంటర్నెట్‌లో దొరికింది దించేయడం, పైన రంగుల బొమ్మ అతికించడం. పిల్లలు ఇదే నిజమనుకుని ప్రాజెక్టుల్లో రాసేస్తున్నారు. పుస్తకం చూసి సరిదిద్దుకుందామంటే, ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు ముక్కు పిండి వసూలు చేసే పెద్దలు మా ఊరి లైబ్రరీకి ఒక మనిషిని వేయరు. బిల్లు కట్టలేదని మీ పత్రిక కూడా అక్కడికి రావడం మానేసింది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా