కొన్న ఆట ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

వీడియో గేమ్ కంపెనీలు సర్వర్లు (ఇంటర్నెట్ ద్వారా ఆటను నడిపే తమ కంప్యూటర్లు) ఆపేసినప్పుడల్లా ఆటగాళ్లు చేసే గొడవను పిల్లల అల్లరిగా కొట్టిపారేయడం తగదని నా మనవి. 2014లో వచ్చిన ‘ది క్రూ’ అనే కార్ల పందెం ఆటకు యూబీసాఫ్ట్ సంస్థ 2024 మార్చి 31న సర్వర్లు నిలిపివేయగా, ఒంటరిగా ఆడాలన్నా ఇంటర్నెట్ తప్పనిసరైన ఆట కావడంతో, డబ్బిచ్చి డిస్కు కొన్నవారి చేతిలో ప్లాస్టిక్ బిళ్ల మిగిలింది. ఆ కోపంలోంచి పుట్టిన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం ఐరోపా సమాఖ్యకు పెట్టుకున్న వినతిపై 2025 జూలై నాటికి 10 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి.

బైరాగిపట్టెడలోని మా ఇంట్లోనూ అలాంటి బిళ్ల ఒకటుంది. మా అబ్బాయి పండగ డబ్బులు కూడబెట్టి కొన్న మరో ఆట అది. దసరా సెలవుల్లో డిస్కు పెడితే ‘సర్వర్ అందుబాటులో లేదు’ అన్న ఒక్క వాక్యం తెరపై నిలిచిపోయింది. కంపెనీకి రాస్తే, మీరు కొన్నది ఆట కాదు, ఆడుకునే అనుమతి మాత్రమేనని జవాబొచ్చింది. గాంధీ రోడ్డులో కొన్న ఇత్తడి చెంబును దుకాణదారు పదేళ్లకు వచ్చి పట్టుకుపోతే ఊరుకుంటామా?

సర్వర్లను కలకాలం నడపమని ఎవరూ అడగడం లేదు. ఆపే ముందు ఆట ఇంటర్నెట్ లేకుండా నడిచేలా చివరి అప్‌డేట్ ఇవ్వమంటున్నారు, అంతే. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమలైన చట్టం, డిజిటల్ అమ్మకాల్లో ఇస్తున్నది లైసెన్సు మాత్రమే అయితే ఆ మాట స్పష్టంగా చెప్పాలంటోంది. మన పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు గెలవాలన్న ఆశతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, మంచిదే. అలాగే కొన్న ఆటల విషయంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆ లైసెన్సు మాటను ఇక్కడ కూడా ధర పక్కనే, పెద్ద అక్షరాల్లో వేయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి